అమ్మ మోకాళ్ళను కూడా కలిపి వేసిన కేరళ లెక్క

మా అబ్బాయి ఏడో తరగతి రఫ్ పుస్తకంలో చివర పదిహేను కాగితాలు మిగిలిపోతే వాటిని విడదీసి, దారంతో కుట్టి, మొదటి పేజీ మీద ‘కేరళ’ అని రాశాను. 2024 నవంబరులో. అదే వారం బ్యాంకులో నెలకు 5,000 చొప్పున పది నెలల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. మేము తెనాలిలో ఉంటాం. నేను హైస్కూలులో లెక్కలు చెబుతాను. మావారిది ప్రైవేటు ఉద్యోగం. పిల్లలు ఇద్దరు, పదమూడేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప. నాన్నగారు పోయినప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది.

ఇన్ని ఊళ్ళు ఉండగా కేరళే ఎందుకంటే నాన్నగారే కారణం. ఆయన అయ్యప్ప మాల వేసుకుని పద్నాలుగుసార్లు శబరిమల వెళ్ళారు. వెళ్ళి వచ్చిన ప్రతిసారీ కొండ గురించి ఎంత చెప్పేవారో, రైలు కిటికీలోంచి చూసిన నీళ్ళ గురించీ అంతే చెప్పేవారు. ఇళ్ళ ముందు వాకిలికి బదులు కాలువ ఉంటుందనీ, పడవ దిగి ఇంట్లోకి వెళతారనీ ఆయన చెబుతుంటే అమ్మ వింటూ ఉండేది. ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు ఆమెకు 67. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నేల చదునుగా ఉంటే అర కిలోమీటరు నడవగలదు. మెట్లు పది దాటితే ఆగి ఊపిరి పీల్చుకోవాలి. ఇంకో మూడేళ్ళు ఆగితే డబ్బు కాస్త ఎక్కువ పోగవుతుందేమో కానీ అమ్మ కాళ్ళు అప్పటిదాకా ఆగవని నాకు తెలుసు.

జూన్‌లో ఒక ట్రావెల్ ఏజెంటును అడిగితే ఐదు రాత్రులకు, ఐదుగురికి కలిపి 68,000 అన్నారు. రైలు ఖర్చు మేమే పెట్టుకోవాలి. కొచ్చిలో ఒక రాత్రి, మున్నార్‌లో రెండు, తేక్కడిలో ఒకటి, అలప్పుళ హౌస్‌బోటులో ఒకటి. ఆ కాగితం మీద రూపాయల పక్కన పెన్సిలుతో గంటలు వేసుకుంటూ వెళ్ళాను. కొచ్చి నుంచి మున్నార్ 130 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, నాలుగు గంటల పైమాటే. మున్నార్ నుంచి తేక్కడి మూడు గంటలు. అక్కడి నుంచి అలప్పుళ మరో నాలుగు. చుట్టుపక్కల చూసే ప్రదేశాలను వదిలేసినా, పన్నెండు పదమూడు గంటలు అమ్మ కారులో మోకాళ్ళు మడుచుకుని కూర్చోవాలి. ఆ కూర్చోవడానికే మనం ఎక్కువ డబ్బు కడుతున్నామని లెక్క తేలింది.

హౌస్‌బోటు సంగతి కూడా అలాగే విడదీసి చూశాను. రెండు గదుల పడవకు ఒక రాత్రికి 14,000 వేశారు. మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కించుకుంటారు, మర్నాడు తొమ్మిదికి దింపేస్తారు. సాయంత్రం ఐదున్నరకల్లా పడవను గట్టుకు కట్టేస్తారు. చీకటి పడ్డాక ఆ నీళ్ళు చేపలు పట్టేవాళ్ళవి, వాళ్ళు వలలు వేసుకోవాలి. ఆ నియమం న్యాయమైనదే. కానీ మనకు దక్కే పడవ ప్రయాణం ఐదారు గంటలే, మిగతాది నీళ్ళ మీద కట్టేసిన గది. ఏసీ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకే అని కాగితం అడుగున చిన్న అక్షరాలలో ఉంది. మా ఇంట్లో మూడు నెలల సరుకుల డబ్బు అది. ఆ అంకెను కొట్టేశాను.

మున్నార్‌ను కూడా కొట్టేశాను. అందుకు మా అబ్బాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాడు టీ తోటలు చూడాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాడు. మూడో రోజు వాడిని కూర్చోబెట్టి ఏజెంటు కాగితం చూపించి, గంటలు కలపమన్నాను. కలిపాడు. కాసేపు ఏమీ అనలేదు. “అయితే ఖర్చుల పుస్తకం నేను రాస్తాను” అన్నాడు. అప్పటి నుంచి ఆ పుస్తకం వాడిదే. ప్రతి పేజీలోనూ రెండు గడులు గీశాడు. ఒకదాని మీద ‘రూపాయలు’ అని, రెండోదాని మీద ‘మెట్లు’ అని రాశాడు. ఏ ఖర్చు పక్కనైనా అక్కడ అమ్మమ్మ ఎక్కాల్సిన మెట్లెన్నో వేయాలని వాడికి తోచిన ఏర్పాటు. పదిహేనేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అంత పనికొచ్చే పట్టిక నాకు తట్టలేదు.

అలా కొండలు వదిలేసి తీరం వెంటే వెళ్ళాలని నిర్ణయించుకున్నాం. కొచ్చి, అలప్పుళ, వర్కల, తిరువనంతపురం. ఈ నాలుగూ రైలు మార్గం మీద ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. 2025 దసరా సెలవులు ఎంచుకోవడానికి కారణం బడి ఒక్కటే కాదు. నవంబరు మధ్య నుంచి జనవరి మూడో వారం దాకా శబరిమల యాత్రాకాలం, ఆ రోజుల్లో మన వైపు నుంచి వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకడం గగనం. డిసెంబరు చివర తీరప్రాంతపు గదుల అద్దెలు రెట్టింపవుతాయి. సెప్టెంబరు చివర అయితే వాన పడవచ్చు, కానీ గదులు చవక. రెండు గొడుగులు ఎక్కువ పెట్టుకున్నాం.

రైలు టికెట్ల దగ్గరే నా అంచనా మొదటిసారి తప్పింది. నేను రైలుకు రానూపోనూ 14,000 వేసుకున్నాను. పాపకు తొమ్మిదేళ్ళు, సగం టికెట్టు అనుకున్నాను. మా చిన్నప్పుడు అలాగే ఉండేది, అదే మనసులో ఉండిపోయింది. 2016 నుంచి ఐదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, బెర్తు వద్దంటేనే సగం. ఒక రాత్రంతా ప్రయాణం కాబట్టి బెర్తు తీసుకోక తప్పలేదు. అమ్మ కూడా “నాకు రాయితీ ఉంటుంది కదమ్మా” అంది. 58 దాటిన స్త్రీలకు ఛార్జీలో సగం తగ్గించే రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, ఆ తర్వాత మళ్ళీ ఇవ్వలేదు. పింఛను మీద బతికే ముసలివాళ్ళకు అది చిన్న మొత్తం కాదు. తిరిగి ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను. మొత్తం మీద థర్డ్ ఏసీలో ఐదుగురికీ రానూపోనూ 16,000 అయింది.

ఇంకో సంగతి చాలామందికి ఉపయోగపడుతుంది. 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు, 60 దాటిన పురుషులకు కింది బెర్తుల కోటా వేరుగా ఉంది. అయితే ఒకరో ఇద్దరో మాత్రమే ఉన్న టికెట్టుకే అది వర్తిస్తుంది. కుటుంబాన్నంతా ఒకే టికెట్టులో పెడితే ఆ కోటా పనిచేయదు. అందుకే అమ్మ టికెట్టు విడిగా తీశాను. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు. జూలై చివర ఆ రోజు ఉదయం ఎనిమిదికి మావారు ఒక ఫోనులో, నేను ఒక ఫోనులో కూర్చున్నాం. అమ్మకు కింది బెర్తు వచ్చింది కానీ పెట్టె వేరు. రైలెక్కాక మా పెట్టెలో ఒంటరిగా ప్రయాణిస్తున్న ఒక కుర్రాడు తన కింది బెర్తు అమ్మకిచ్చి, తాను ఆ పెట్టెకు వెళ్ళాడు. అలాంటి సహాయం ప్రతిసారీ దొరుకుతుందని లెక్కలో వేసుకోలేం. దొరకకపోతే మావారే ఆ రాత్రి అమ్మ పెట్టెలో ఉండాలని ముందే అనుకున్నాం.

బయలుదేరే ముందు పుస్తకంలో ఉన్న అంచనా ఇది: రైలుకు 14,000, గదులకు 15,000, అక్కడ తిరగడానికి 5,000, తిండికి 8,500, పడవలకూ టికెట్లకూ 3,000, కొనుగోళ్ళకు 4,000. ఈ 49,500కు అనుకోని ఖర్చుల కింద మరో 5,500 కలిపి 55,000 చేశాను. డిపాజిట్ వడ్డీతో కలిపి 51,000 పైచిలుకు చేతికొచ్చింది, మిగతాది నా జీతంలోంచి పెట్టాను.

కొచ్చి నగరంలోని ఎర్నాకుళం స్టేషనులో దిగాక, నీళ్ళకు అవతల ఉన్న ఫోర్ట్ కొచ్చి వెళ్ళడానికి రెండు దారులు. పాత ప్రభుత్వ పడవలో పది రూపాయలైనా కాదు. హైకోర్టు దగ్గరి నుంచి వాటర్ మెట్రో అనే కొత్త పడవల్లో అయితే అప్పుడు మనిషికి 40. రూపాయల గడి చూస్తే పాత పడవే ఎక్కాలి. కానీ వాటర్ మెట్రోలో పడవ అంచు ప్లాట్‌ఫారంతో సమానంగా ఉంటుంది. నీటి మట్టం పెరిగినా తగ్గినా ప్లాట్‌ఫారం కూడా తేలుతూ దానితోపాటే కదులుతుంది. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఈ పడవలు మన దేశంలో ఈ తరహావాటిలో మొదటివి. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి నడిచి, కిటికీ పక్కన కూర్చుంది. ఐదుగురికీ 200. మెట్ల గడిలో బాబు సున్నా వేశాడు. మొత్తం ప్రయాణంలో అంత తృప్తిగా ఖర్చుపెట్టిన 200 ఇంకొకటి లేదు.

ఫోర్ట్ కొచ్చిలో ఒక ఇంటివాళ్ళు అద్దెకిచ్చే కింది అంతస్తు గది దొరికింది. రోజుకు 2,400, అదనపు పరుపుతో సహా. ఇలాంటి గదులు చూసేటప్పుడు నేను అద్దెకంటే ముందు అడిగిన ప్రశ్నలు రెండు: గది ఏ అంతస్తులో ఉంది, మరుగుదొడ్డి ఏ రకం. ఫోటోల్లో ఇవి కనబడవు. ఇంకో చోట 1,700కే వచ్చే గదిని రెండో అంతస్తు అని తెలిసి వదిలేశాను.

మర్నాడు శుక్రవారం. పొద్దున చీనా వలల దగ్గర చాలాసేపు ఉన్నాం. నీళ్ళ ఒడ్డున బల్ల మీద అమ్మ కూర్చుంటే, రాళ్ళ బరువుతో ఆ పెద్ద వల లేవడం దిగడం పాప ఎన్నిసార్లు చూసినా విసుగు చెందలేదు. అక్కడికి దగ్గరలోనే వాస్కో డ గామాను 1524లో మొదట పాతిపెట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. తర్వాత అస్థికలను పోర్చుగల్ తీసుకుపోయారు, సమాధి రాయి మాత్రం ఉంది. ఈ రెండింటికీ రూపాయి ఖర్చు లేదు. మధ్యాహ్నం మట్టాంచేరి ప్యాలెస్‌కు వెళ్ళాం. తలుపులు మూసి ఉన్నాయి. అక్కడ శుక్రవారం సెలవు. అద్దెలూ ఛార్జీలూ నెలల తరబడి చూసినదాన్ని, ఏ రోజు ఏది మూసి ఉంటుందో చూడలేదు. గోడల మీద రామాయణ చిత్రాలున్నాయని అమ్మకు చెప్పి తీసుకొచ్చాను. ఆమె ముఖం చూసి నాకు చాలా బాధ కలిగింది.

అక్కడి నుంచి గదికి తిరిగి వచ్చేటప్పుడే నా రెండో పెద్ద తప్పు బయటపడింది. కేరళలో ఆటోకు కనీస ఛార్జీ 30, ఒకటిన్నర కిలోమీటరుకు. ఆ అంకె చూసి సంతోషించి, తిరుగుడు ఖర్చు 5,000 వేసుకున్నాను. కానీ అక్కడ ఆటోలో ముగ్గురినే ఎక్కించుకుంటారు. మన వైపు ఆటోలో ఐదుగురు ఎక్కితే ఎవరూ అడగరు కాబట్టి, ఐదుగురికి ఒక ఆటో అనే లెక్క నా తలలో పాతుకుపోయింది. అక్కడ ఎటు వెళ్ళినా రెండు ఆటోలు. అంటే ఆటో ఖర్చంతా సరిగ్గా రెట్టింపు. ఇంకో అలవాటు కూడా నన్ను తప్పుదారి పట్టించింది. ఆ ఏడాది ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. మా ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం, అప్పటికి నెల రోజులుగా బస్సు ఖర్చు అనే మాటే మరిచిపోయాం. కేరళ బస్సులో అప్పుడు కనీస ఛార్జీ పది రూపాయలు, అదీ అందరికీ. చిన్న మొత్తాలే కానీ రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగితే కనబడతాయి. చివరికి తిరగడానికి 9,400 అయింది.

అందులో 1,900 ఒక్క కారుకే ఇచ్చాం, ఫోర్ట్ కొచ్చి నుంచి అలప్పుళకు. ప్యాసింజరు రైలులో వెళితే ఐదుగురికీ కలిపి వంద రూపాయలు దాటదు. మావారు రైలే అన్నారు. బాబు పుస్తకం తెరిచి మెట్ల గడి చూపించాడు: పడవ దగ్గర ఎన్ని, స్టేషను వంతెన దగ్గర ఎన్ని, రైలు పెట్టెకున్న ఎత్తైన మెట్లు ఎన్ని, పైగా సామాను. అమ్మ ఆ ముందు రోజే చాలా నడిచింది. కారే మాట్లాడాం. ఆ మధ్యాహ్నం అలప్పుళ చేరాక అమ్మ అలసట లేకుండా సముద్రం ఒడ్డుకు వచ్చి, 150 ఏళ్ళు దాటిన ఓడరేవు వంతెన ఇనుప స్తంభాలు నీళ్ళలో నిలబడి ఉండటం చూస్తూ చీకటి పడేదాకా కూర్చుంది. రైలులో వచ్చి ఉంటే ఆ పూట గదిలో మోకాళ్ళకు మందు రాసుకుంటూ పడుకునేది. ఆ 1,800 తేడాకు మేము ఒక సాయంత్రం కొనుక్కున్నాం.

అలప్పుళ ఆదివారం గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. బస్సు స్టాండు పక్కనే కాలువ మీద పడవల జెట్టీ ఉంది. కేరళ జల రవాణా శాఖ పడవలు అక్కడి నుంచి ఊళ్ళకు తిరుగుతాయి, మన పల్లెవెలుగు బస్సుల లాగా. నెడుముడి వెళ్ళే పడవ ఎక్కాం. జెట్టీ నుంచి పడవలోకి రెండు మెట్ల దిగుడు. తాడు పట్టుకున్న పడవ మనిషి అమ్మను చూడగానే, ఇంకెవరినీ ఎక్కనివ్వకుండా ఆపి, రెండు చేతులూ పట్టుకుని దింపాడు. అతని మాట మాకు రాదు, మా మాట అతనికి రాదు. చెక్క బల్లలు, పక్కలు తెరిచి ఉన్న పడవ. గంట కొట్టగానే కదిలింది. కాలువ దాటి పున్నమడ సరస్సు నీళ్ళ మీదికి వచ్చేసరికి చుట్టూ హౌస్‌బోట్లే. అవి వెళ్ళే నీళ్ళ మీదే మేమూ వెళుతున్నాం. తర్వాత సన్నని కాలువల్లోకి తిరిగింది. గ్యాసు సిలిండరుతో ఒకాయన ఎక్కాడు. కూరగాయల సంచులతో ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. ఆగిన ప్రతి చోటా ఒక ఇల్లు, ఇంటి ముందు నాలుగు రాళ్ళ మెట్టు, దాని కింద నీళ్ళు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, “మీ నాన్న చెప్పింది ఇదే” అంది.

ఆ నీళ్ళ మధ్య ప్రాంతాన్ని కుట్టనాడు అంటారు. అక్కడ పొలాలు సముద్ర మట్టం కంటే దిగువన ఉంటాయి, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగానే. గట్లు కట్టి, నీళ్ళు తోడిపోసి వరి పండిస్తారు. పడవలోంచి చూస్తే మనం పైన ఉంటాం, పొలం కింద ఉంటుంది. అమ్మది వ్యవసాయ కుటుంబం, కృష్ణా కాలువల కింద పుట్టి పెరిగింది. “మనకు కాలువ పొంగితే పొలం మునుగుతుంది. వీళ్ళు మునిగిన చోటే పొలం చేశారు” అంటూ గట్టు ఎలా వేశారో చూడటానికి రెండువైపులా తిరిగి తిరిగి చూసింది. వెళ్ళిరావడానికి ఐదుగురికీ రెండు వందలు కూడా కాలేదు. 14,000 పెట్టి హౌస్‌బోటు ఎక్కి ఉంటే ఆ ఇళ్ళనూ ఆ గట్లనూ దూరం నుంచే చూసేవాళ్ళం. ఆ కూరగాయల సంచుల పక్కన కూర్చునేవాళ్ళం కాదు.

సాయంత్రం పిల్లల కోసం శికారా అనే చిన్న పడవ మూడు గంటలు మాట్లాడుకున్నాం, గంటకు 700 చొప్పున. పెద్ద పడవలు పట్టని సందు కాలువల్లోకి అది వెళ్ళింది. పరుపు సీటు మీద అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ పడవ మాట్లాడటంలో ఆ కాళ్ళ చాపుకే సగం డబ్బు అని నేను లెక్క వేసుకున్నాను.

తిండి ఖర్చు అనుకున్నదానికంటే 1,800 ఎక్కువై 10,300 అయింది. కారణం ధరలు కాదు. పొద్దున పుట్టు, కడల కూర, అప్పం చవకగానే వచ్చేవి, పిల్లలు ఇష్టంగా తిన్నారు. మధ్యాహ్నం భోజనంలో లావుపాటి ఎర్ర బియ్యం అన్నం అమ్మ తినలేకపోయింది. రెండు రోజులు ఆమెకు వేరేగా ఏదో ఒకటి తెప్పించాల్సి వచ్చింది. మూడో రోజు హోటలాయన సంగతి గ్రహించి, ‘పచ్చరి చోరు’ అని అడగమని నేర్పాడు. పచ్చి బియ్యంతో వండిన తెల్లన్నం అని అర్థం. ఆ రెండు మాటలు ముందే తెలిసి ఉంటే కొన్ని వందలు మిగిలేవి, అమ్మ కడుపూ నిండేది. తెలుగువాళ్ళు ఎవరైనా పెద్దవాళ్ళతో వెళితే ఆ మాట రాసుకుని వెళ్ళండి.

వర్కలకు రైలులో వెళ్ళాం, పగటి రైలులో సీట్లు ముందే రిజర్వు చేసుకుని. అక్కడ సముద్రాన్ని ఆనుకుని ఎర్రమట్టి కొండచరియ ఉంటుంది. హోటళ్ళన్నీ పైన, ఇసుక కింద, మధ్యలో నిటారు మెట్లు. నేను ఆ మెట్ల భయంతోనే వర్కలను రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. వెతగ్గా వెతగ్గా తెలిసింది, జనార్దనస్వామి గుడి వైపు నుంచి వెళితే రోడ్డు పాపనాశం ఒడ్డు దాకా దిగుతుంది. ఆటో ఇసుక అంచున ఆగుతుంది. గది కూడా గుడి వైపే తీసుకున్నాం, 2,600.

సాయంత్రం ఒడ్డున తిరుగుతుంటే కొందరు అరటాకుల ముందు కూర్చుని పితృకార్యం చేస్తున్నారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. అమ్మ చాలాసేపు నిలబడి చూసింది. నాన్నగారికి నేను ఒక్కదాన్నే. ఆయన పోయినప్పుడు మా పెదనాన్న కొడుకు కర్మ చేశాడు. ఏటా తద్దినానికి అతనికి వీలు చూసుకుని కబురు చేస్తాం. “అమ్మాయీ, నువ్వు చేస్తావా?” అని అడిగింది అమ్మ. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా ఇంట్లో అది ఎప్పుడూ నా పని కాదు. మావారు “అడిగి చూద్దాం” అని పురోహితుడి దగ్గరికి వెళ్ళారు. అతనికి అందులో ఆశ్చర్యమేమీ కనబడలేదు. రేపు పొద్దున తలస్నానం చేసి రమ్మన్నారు.

మర్నాడు సూర్యుడు పైకి రాకముందే వెళ్ళాం. దర్భ ఉంగరం, నువ్వులు, అన్నం, పువ్వులు. పేరు, నక్షత్రం అడిగారు. నాన్నగారి పేరు నా నోటితో అలా, ఆయన కోసం పలకడం అదే మొదటిసారి. ఆకు తీసుకుని నీళ్ళలోకి వెళ్ళాను. అల వచ్చి తీసుకుపోయింది. వెనక్కి తిరిగితే అమ్మ చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా చూసుకోకుండా నీళ్ళ అంచున నిలబడి ఉంది. ఆటో దిగిన చోటి నుంచి అక్కడికి తనంతట తనే నడిచి వచ్చింది.

తిరువనంతపురం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నవరాత్రి సెలవుల రద్దీ వల్ల గదులు ఖరీదు, రాత్రికి పన్నుతో కలిపి 3,200. ఆగస్టులో అడిగినప్పుడు 12 శాతం జీఎస్టీ అన్నారు, సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గడంతో బిల్లు కాస్త తగ్గింది. పద్మనాభస్వామి గుడిలోకి మగవాళ్ళు చొక్కా లేకుండా పంచెతోనే వెళ్ళాలి, ఆడవాళ్ళకు చీర. అక్కడ పంచెలు అద్దెకిస్తారు కానీ మావారు తెనాలి నుంచే తెచ్చుకున్నారు, నాన్నగారి పంచె అది. తూర్పు గోపురం ముందు మెట్లున్నాయి. అమ్మ మూడుసార్లు ఆగి ఎక్కింది. అన్ని రోజులూ దాచిన కాళ్ళను అక్కడ వాడుకుంది. రాత్రి తంపానూరులో ఇండియన్ కాఫీ హౌస్‌కు వెళ్ళాం. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన గుండ్రటి ఎర్ర ఇటుకల భవనం. మెట్లకు బదులు వాలుగా చుట్టూ తిరిగే నేల. కింది బల్ల దగ్గరే కూర్చుని ఐదుగురం తిన్నాం.

కొనుగోళ్ళు 5,200 అయ్యాయి. అమ్మకు జరీ అంచు కసవు చీర, ఇరుగుపొరుగుకు అరటికాయ చిప్స్, మిరియాలు, యాలకులు. చీర విషయంలో నాకు ఏ విచారమూ లేదు. పడవలూ టికెట్లూ 2,900. మందులు, ఇచ్చిన బహుమానాలు, దక్షిణలు కలిపి 1,600. అన్నీ కూడితే 60,400. అనుకోని ఖర్చుల కింద పెట్టుకున్న 5,500 పోగా ఇంకో 5,400 పైన పడింది. ఆ దసరాకు నేనూ మావారూ బట్టలు కొనుక్కోలేదు.

తిరుగు రైలులో, పాలక్కాడ్ దాటాక, బాబు నిద్రపోయాడు. వాడి చేతిలోంచి పుస్తకం తీసి మొదటి నుంచీ చూశాను. ఆటోలకు ఎన్ని వరుసలో, ఎన్ని మెట్లకు కొట్టివేతలో. అలప్పుళ కారు పక్కన వాళ్ళ నాన్న అభిప్రాయం కూడా రాసిపెట్టాడు. వర్కల పేజీలో చివరి వరుస ఇలా ఉంది: ‘తాతయ్య. రూపాయలు 500. మెట్లు లేవు.’